పటంలో లేని మూడడుగులు

కోనసీమ చరిత్రను ఆనకట్ట దగ్గర మొదలుపెట్టడం మన చరిత్రకారులకు అలవాటు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి, కొబ్బరితోటలు పెరిగాయి అంటారు. ఆ నేలను కాగితం మీదికి ఎలా ఎక్కించారని మాత్రం అడగరు. మేము అక్కణ్ణుంచి మొదలుపెడుతున్నాం.

1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ కొలిచిన ఆధారరేఖతో మహా త్రికోణమితి సర్వే మొదలైంది. ఆ పునాది మీదే సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి మైలు చొప్పున పటాలు, స్వాతంత్ర్యం తర్వాత 1:50,000 పటాలు గీసింది. గుడికి, చర్చికి, చెరువుకి, గుడిసెకి కూడా అందులో గుర్తులున్నాయి. ఎత్తుపల్లాలను చెప్పేవి సమోన్నతి రేఖలు. 1:50,000 పటంలో రేఖకీ రేఖకీ ఎడం మామూలుగా 20 మీటర్లు. కోనసీమ దాదాపు మొత్తం ఆ మొదటి రేఖకు లోపలే. కాబట్టి పటం దృష్టిలో ఇదంతా సమమట్టం.

మేమెరిగిన కోనసీమ సమమట్టం కాదు. ఊరు మెరక మీద, పేట పల్లంలో. తేడా రెండు మూడడుగులే. గోదారి పొంగినా, తుపానొచ్చినా ముందు నీళ్లు ఎవరి గడప దాటతాయో ఆ మూడడుగులే తేలుస్తాయి. పొలిమేర ఎక్కడో చూపించడం ఊరి వెట్టివాడి పని. అతని ఇల్లెంత పల్లంలో ఉందో రాసుకోవడం ఎవరి పనీ కాలేదు.

చమురు కోసం కొలత నేల కిందికి దిగింది. పొలాల్లో బోర్లు వేసి, మందుగుండు పేల్చి, తిరిగొచ్చే అదురును బట్టి కిలోమీటర్ల లోతు పొరలను గీశారు. పైనున్న మూడడుగులకు మాత్రం గీత దొరకలేదు. పైగా తీరానికి 80 కిలోమీటర్ల లోపలి వివరమైన పటాలు దశాబ్దాలపాటు జనానికి నిషిద్ధం. 2005 పటాల విధానం తర్వాతే ఆ తలుపు కొంత తెరుచుకుంది. 1995 జనవరి 8న పాసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. తమ ఇంటి పక్క భూమిలో ఏముందో చూసుకునే పటం ఈ ఊళ్ల జనం చేతికి ఎవరిచ్చారు?

2022లో జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆగస్టులో ఆ పేరు ఖాయమై పటం మీదికొచ్చింది. మూడడుగులు ఇంకా రాలేదు. ఏ ఏడు నీళ్లు ఏ గోడదాకా వచ్చాయో, ఏ గొట్టం ఎవరి దొడ్డి కింద పోతోందో పేటల్లో ముసలోళ్లకి తెలుసు. వాళ్ల నోట విని, పేటపేటకీ టేపు పట్టి కొలిచి రాసుకోవాలి. ఆ పటం గీయాల్సింది మనమే.