చెరకు తోట నుండి శాసనసభకు: పాట్సీ టకెమోటో తొలి అడుగులు

కొరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ చేరిన మన ముత్తాతల కథ మనకు క్రొత్త కాదు. అదే చెరకు కోసం, అటువంటి ఒప్పందపు కాగితాల మీదనే వేలిముద్ర వేసి, పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి దీవులకు తరలిపోయిన జపాను రైతుకూలీల కథ మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు. 1885లో రెండు ప్రభుత్వాల ఒప్పందంతో వారి వలస పెద్దయెత్తున మొదలయింది. మనకు సర్దారు ఎలాగో వారికి 'లూనా' అలాగు. గుర్రమెక్కి తోటలో తిరిగే మేస్త్రీ అన్నమాట. కూలీకి పేరు లేదు. 'బాంగో' అనే లోహపు బిళ్ళ మీది అంకెయే అతని పేరు. మన పెద్దల టిక్కెట్లమీది నెంబర్లను చూసినవారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

అట్టి కుటుంబంలోనే 1927 డిసెంబరు 6న మావీ దీవిలోని పాయియాలో పాట్సీ టకెమోటో జన్మించింది. అమ్మమ్మ తాతలు తోటపని చేసినవారు. తండ్రి సుయెమాట్సు హవాయి విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్న తొలి జపాను సంతతివాడు. చెరకు తోటలకు కాలువనీరు అందించే కంపెనీలో భూమి కొలిచే సర్వేయరుగా పనిచేశాడు. చదువుంది, అనుభవముంది, కాని పై ఉద్యోగం ఖాళీ అయినప్పుడల్లా అది తెల్లవారికే దక్కేది. కూతురు ఇది చూస్తూ పెరిగింది.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బరుపై జపాను బాంబులు వేసిన పిమ్మట ఆయనను ప్రశ్నించడానికి అధికారులు తీసుకుపోయి, మరునాడు విడిచిపెట్టారు. ఇంటికి వచ్చి తన జపాను జ్ఞాపికలను పెరటిలో కాల్చివేశాడట. ఆ యుద్ధకాలంలోనే ఈ అమ్మాయి మావీ హైస్కూలు విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలయింది. ఆ బడిలో ఆడపిల్లకు ఆ పదవి రావడం అదే మొదలు. 1944లో తరగతిలో ప్రథమురాలిగా చదువు ముగించింది.

ఆమె కోరిక డాక్టరు కావాలని. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు తెల్లవారు కాని విద్యార్థులకు వేరుగా హాస్టలు ఉండేది. ఆమె ఊరకుండక విద్యార్థులను కూడగట్టి ఆందోళన చేసింది. ఆ నియమం పోయింది. తిరిగి హవాయికి వచ్చి 1948లో పట్టభద్రురాలయి, డజనుకు పైగా వైద్య కళాశాలలకు దరఖాస్తు పెట్టుకుంది. ఒక్కటీ చేర్చుకోలేదు. అప్పుడు న్యాయశాస్త్రం వైపు తిరిగి షికాగో విశ్వవిద్యాలయంలో చేరింది. హవాయి అప్పటికి యాభై ఏళ్ళుగా అమెరికా జెండా క్రిందనే ఉంది. అయినా ఆమెకు సీటు దొరికింది విదేశీ విద్యార్థుల కోటాలోనట! 1951లో లా పట్టా వచ్చింది. ఆ ఏడే పెన్సిల్వేనియాకు చెందిన జాన్ మింక్‌ను పెండ్లాడింది.

ఇక్కడొక విచిత్రమైన చిక్కు వచ్చిపడింది. స్త్రీకి పెండ్లి కాగానే భర్త ఊరే ఆమె ఊరు అని హవాయి చట్టం. కనుక హవాయిలో పుట్టి పెరిగిన పాట్సీ హవాయి నివాసి కాదనీ, అక్కడి బార్ పరీక్షకు కూర్చోరాదనీ అధికారులు తేల్చారు. ఆమె ఒప్పుకోలేదు. ఎదురు తిరిగి వాదించి ఆ నిర్ణయాన్ని మార్పించి, పరీక్ష వ్రాసి నెగ్గింది. 1953లో హవాయిలో న్యాయవాదవృత్తి చేపట్టిన తొలి జపాను సంతతి మహిళ అయింది. అయినా ఏ న్యాయవాద సంస్థా ఆమెకు పని ఇవ్వలేదు. పెండ్లయిన ఆడది, చంటిబిడ్డ తల్లి, పైగా పరజాతివాడిని కట్టుకున్నది. ఇవీ అప్పటి లెక్కలు. చివరకు తండ్రి సహాయంతో స్వంతంగా ఆఫీసు తెరిచింది.

రాజకీయాల సంగతికి వస్తే, ఓటు హక్కు చరిత్రను కొంచెం చెప్పుకోవాలి. జపానులో పుట్టినవారికి 1952 వరకు అమెరికా పౌరసత్వం పొందే వీలు లేదు. అక్కడ పుట్టిన పిల్లలకు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. అందుచేత తోటకూలీల ఓటు ఒక తరం ఆలస్యంగా పెట్టెలో పడింది. మన మారిషస్‌లో 1948 ఎన్నికలకు ముందు, ఏదో ఒక భాషలో చదవను వ్రాయను వచ్చినవారికి ఓటు ఇవ్వగానే పన్నెండువేల లోపున్న ఓటర్లు డెబ్బైవేలు దాటారు. హవాయిలో ఆ మలుపు 1954లో వచ్చింది. 1946లో చక్కెర కార్మికులు చేసిన పెద్ద సమ్మె, యుద్ధం నుండి తిరిగివచ్చి ప్రభుత్వ సహాయంతో చదువుకున్న యువకులు, ఇవి రెండూ కలిసి తోటల యజమానులకు అండగా ఉన్న రిపబ్లికన్ పార్టీని శాసనసభలో ఓడించాయి. డెమొక్రాట్లు గెలిచారు. ఆ ఏడు యువ డెమొక్రాట్ల సంఘాన్ని కూడగట్టినవారిలో పాట్సీ ముఖ్యురాలు.

1955లో శాసనసభకు న్యాయవాదిగా పనిచేసి, చట్టాలు ఎలా తయారవుతాయో లోపలినుండి చూసింది. 1956లో తానే ప్రతినిధుల సభకు నిలబడింది. పార్టీ పెద్దల ఆశీస్సులు పెద్దగా లేవు. భర్తే ప్రచార నిర్వాహకుడు. ఇంటింటికీ తిరగడమే ప్రచారం. గెలిచి, ఆ సభలో ప్రవేశించిన తొలి జపాను సంతతి మహిళ అయింది. సభలో అడుగుపెట్టీ పెట్టగానే పసిఫిక్‌లో బ్రిటను అణుబాంబు పరీక్షలను నిరసిస్తూ తీర్మానం పెట్టింది. క్రొత్త సభ్యులు మొదటి రోజుల్లో కుర్చీ ఎక్కడో వెదుక్కుంటూ ఉంటారు; ఈమె లండను ప్రభుత్వంతోనే పేచీ పెట్టుకుంది! ఒకే పనికి స్త్రీకీ పురుషునికీ ఒకే జీతమన్న చట్టం కోసం కూడా పోరాడింది. చెరకు తోటల్లో ఆడకూలీకి మగకూలీకన్న తక్కువ ఇచ్చే లెక్క ఆమె ఇంటివారికి బాగా తెలిసినదే. 1958లో సెనేటుకు ఎన్నికయింది.

1959 ఆగస్టులో హవాయి రాష్ట్రమయింది. అమెరికా కాంగ్రెసులో ఆ రాష్ట్రానికి దక్కిన ఒకే ఒక ప్రతినిధి స్థానానికి ఆమె ముందుగానే పోటీలో దిగింది. సెనేటుకు పోటీ చేయదలచిన డానియల్ ఇనౌయే ఆఖరున మనసు మార్చుకుని ఇదే స్థానానికి వచ్చాడు. యుద్ధంలో చేయి పోగొట్టుకున్న వీరుడు, పార్టీ పెద్దలకు కావలసినవాడు. పార్టీ లోపలి ఎన్నికలో ఆమె ఓడిపోయింది. ఇటువంటి ఓటమి తరువాత చాలామంది ఇంట కూర్చుంటారు. ఆమె 1962లో రాష్ట్ర సెనేటుకు మళ్ళీ గెలిచింది. 1964లో, ఈసారీ పార్టీ పెద్దల అండ లేకుండానే, కాంగ్రెసుకు ఎన్నికయింది. అమెరికా కాంగ్రెసులో ప్రవేశించిన మొదటి శ్వేతజాతేతర మహిళ ఆమెయే.

ఆ తరువాత 1972లో విద్యాసంస్థల్లో ఆడపిల్లలపై వివక్షను నిషేధించిన చట్టానికి పాటుపడినవారిలో ఆమె ఒకరు. 2002 సెప్టెంబరు 28న మరణించినప్పటికి బ్యాలెట్లపై ఆమె పేరు తీసివేసే గడువు దాటిపోయింది. నవంబరులో ఓటర్లు ఆ పేరునే గెలిపించారు. మావీ దీవిలోని చిట్టచివరి చెరకు మిల్లు 2016లో మూతపడింది.