టిక్కు టిక్కు ఎక్కడ పుడుతుంది? పాత ట్రక్కు, ఎల్ఈడీ బల్బులు

పాత పికప్ ట్రక్కులో మామూలు బల్బులు తీసేసి ఎల్ఈడీ బల్బులు పెట్టారనుకోండి. బ్రేక్ లైటు జిగేల్మంటుంది. సంతోషం. తరవాత ఎడమవైపు సిగ్నల్ వేస్తారు. లైటు వెలుగుతుంది, కానీ ఆరదు. టిక్కు టిక్కు శబ్దం కూడా ఉండదు. కాస్త కొత్త ట్రక్కు అయితే దీనికి ఉల్టా జరుగుతుంది. లైటు కంగారు పడ్డట్టు చాలా వేగంగా కొట్టుకుంటుంది.

బల్బు చెడ్డదని చాలామంది వెనక్కి ఇచ్చేస్తారు. నిజానికి బల్బు బాగుంది, వైర్లు బాగున్నాయి, ట్రక్కు కూడా బాగుంది. ట్రక్కు మనకి ఒక మాట చెబుతోంది: "ఒక బల్బు పోయినట్టుంది, చూడండి." ఆ మాట చెప్పడం దానికి ఎప్పుడు, ఎలా నేర్పారు అన్నదే ఈ రోజు కథ.

ముందు ఒక పదం గురించి. అమెరికాలో మనం టర్న్ సిగ్నల్ అంటాం, బ్లింకర్ అంటాం. ఇండియాలో అందరూ ఇండికేటర్ అంటారు. మూడూ ఒకటే. తెలుగులో సిగ్నల్ "వేస్తాం", ఇండికేటర్ కూడా "వేస్తాం". బల్బు పాడైతే "పోయింది" అంటాం, లేదా "మాడిపోయింది" అంటాం.

మొదట్లో సిగ్నల్ అంటే చెయ్యే. అమెరికాలో డ్రైవర్ ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటికి చాపితే ఎడమకి తిరుగుతున్నట్టు. మోచెయ్యి మడిచి పైకి ఎత్తితే కుడికి. కిందికి దించితే ఆగుతున్నట్టు. ఇండియాలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి చాపేది కుడి చెయ్యి. ఎడమకి తిరగాలంటే ఆ చేతినే గుండ్రంగా తిప్పుతారు. ఇండియాలో డ్రైవింగ్ నేర్చుకున్న పెద్దవాళ్ళని అడగండి, ఇప్పటికీ చేసి చూపిస్తారు.

చెయ్యితో రెండు ఇబ్బందులు. రాత్రి కనబడదు, వానలో ఎవరికీ చాపాలనిపించదు. అందుకని చేతికి బదులు ఇంకో చెయ్యి పెట్టాలని చూశారు. మూకీ సినిమాల నటి ఫ్లోరెన్స్ లారెన్స్ 1910ల్లో తన కారుకి అలాంటిది ఒకటి తయారు చేసుకుంది. మీట నొక్కితే వెనక ఒక జెండా లాంటిది లేచేది. ఆమె దానికి పేటెంట్ తీసుకోలేదు. యూరప్‌లో కారు పక్కనుంచి రెక్కలా బయటికి వచ్చే చిన్న లైటు చెయ్యి చాలా ఏళ్ళు నడిచింది. దాన్ని ట్రాఫికేటర్ అనేవారు. పాత మోరిస్ మైనర్ కార్లలో చూడొచ్చు.

మిణుకుమనే లైటుని కారుతో పాటే అమ్మిన కంపెనీ బ్యూయిక్. 1939 మోడల్లో వెనక మాత్రమే ఉండేది. 1940లో ముందు కూడా పెట్టారు. ట్రక్కుల వాళ్ళకి ఇది చాలా ఏళ్ళ పాటు విడిగా కొనుక్కునే వస్తువే. స్టీరింగ్ కాలమ్‌కి బిగించే స్విచ్ ఒకటి తెచ్చుకుని, వైర్లు లాగి, సొంతంగా పెట్టుకునేవారు. సిగ్నల్-స్టాట్ అనే పేరున్న అలాంటి స్విచ్‌లు ఇప్పటికీ పాత ట్రక్కుల మీద కనబడతాయి.

ఇప్పుడు అసలు విషయం. లైటుని వెలిగించి ఆర్పేది ఎవరు? డాష్‌బోర్డు కింద ఒక చిన్న గుండ్రటి డబ్బా ఉంటుంది. దాని పేరు ఫ్లాషర్. దాని లోపల కంప్యూటర్ లేదు, మోటార్ లేదు. ఒక పలచటి స్ప్రింగు రేకు, ఆ రేకుని వంచి పట్టుకున్న ఒక సన్నటి లోహపు పట్టీ. అంతే. బల్బులకి వెళ్ళే కరెంటు ఈ పట్టీలోంచే వెళ్తుంది. పట్టీ వేడెక్కి కొంచెం సాగుతుంది. సాగగానే రేకు "టక్" మని నిటారు అవుతుంది, కరెంటు తెగుతుంది, లైటు ఆరుతుంది. పట్టీ చల్లారి మళ్ళీ బిగుసుకుంటుంది, రేకు మళ్ళీ "టక్" మని వంగుతుంది, లైటు వెలుగుతుంది. మీరు వినే టిక్కు టిక్కు ఆ రేకు శబ్దమే. డబ్బా మూతని బొటనవేలితో నొక్కి వదిలితే వచ్చే చప్పుడు లాంటిదే.

అంటే లైటు మిణుకుమనడానికి కారణం ఫ్లాషర్ ఒక్కటే కాదు. బల్బు లాగే కరెంటు లేకపోతే పట్టీ వేడెక్కదు. బల్బూ ఫ్లాషరూ కలిస్తేనే ఒక యంత్రం. 1950ల మధ్యలో షెవర్లే, ఫోర్డ్ ట్రక్కులు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకి మారాయి. అప్పుడు బల్బులతో పాటు ఫ్లాషర్ కూడా మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు మనకి జరిగేది అదే కథ రెండోసారి.

లెక్క చూడండి. పాత అమెరికన్ ట్రక్కుల్లో ఎక్కువగా వాడే బల్బు నంబర్ 1157. సిగ్నల్ వేసినప్పుడు అది దాదాపు 27 వాట్లు, అంటే సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. ముందు ఒకటి, వెనక ఒకటి, మొత్తం 4 ఆంపియర్ల పైన. ఎల్ఈడీ బల్బు అందులో చిన్న భాగమే లాగుతుంది. పట్టీకి ఆ వేడి చాలదు. లైటు వెలుగుతూ ఉండిపోతుంది.

మామూలు బల్బు ఒకటి మాడిపోయినా ఇదే జరుగుతుంది: కరెంటు సగం, పట్టీకి వేడి చాలదు, రెండోది ఆరకుండా వెలుగుతుంది. డ్రైవర్‌కి సీట్లో కూర్చునే తెలిసిపోతుంది. 1968లో మొదలైన అమెరికా ఫెడరల్ ప్రమాణం 108 కూడా బల్బు పోతే డ్రైవర్‌కి తెలియాలంటుంది. లైటు నిమిషానికి 60 నుంచి 120 సార్లు మిణుకుమనాలని కూడా అందులో ఉంది. తరవాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లు ఈ పనిని ఇంకో రకంగా చేశాయి. కరెంటు తగ్గితే వేగం పెంచుతాయి. కొత్త ట్రక్కుల్లో కంగారు అందుకే.

కానీ ఆ ప్రమాణంలో ఒక మినహాయింపు ఉంది. ట్రైలర్ లాగేవాళ్ళకి బల్బులు ఎక్కువ, మామూలు ఫ్లాషర్ మరీ వేగంగా కొట్టుకుంటుంది. అందుకని ఎన్ని బల్బులున్నా ఒకే వేగంతో పనిచేసే ఫ్లాషర్ వాళ్ళకి ఇచ్చారు. దానికి బల్బు పోయిన సంగతి తెలియదు. వాళ్ళు ఆ హెచ్చరికని ఎప్పుడో వదులుకున్నారు. ఎల్ఈడీ పెట్టేటప్పుడు మనమూ దాదాపు అదే బేరం ఆడుతున్నాం.

బాగుచేయడానికి రెండు దారులు. మొదటిది రెసిస్టర్. 6 ఓంలు, 50 వాట్లు అని రాసి ఉన్న బంగారు రంగు ముక్కని ప్రతి బల్బు వైరుకీ నేలకీ మధ్య కలుపుతారు. పాత బల్బు లాగినంత కరెంటునీ అది లాగి వేడి చేసి పారేస్తుంది. నాకు ఈ దారి నచ్చదు. చాలా అమెరికన్ ట్రక్కుల్లో వెనక బ్రేక్‌కీ సిగ్నల్‌కీ ఒకటే ఫిలమెంట్, ఒకటే వైరు. అంటే ఎర్ర లైటు దగ్గర బ్రేక్ మీద కాలు పెట్టి నిలబడ్డంత సేపూ ఆ రెసిస్టర్ కాలుతూనే ఉంటుంది. ప్లాస్టిక్‌కి తగిలితే ప్లాస్టిక్ కరుగుతుంది. పైగా ఎల్ఈడీ పోయినా రెసిస్టర్ కరెంటు లాగుతూనే ఉంటుంది కాబట్టి హెచ్చరిక ఎలాగూ రాదు.

రెండో దారి ఎల్ఈడీ కోసం చేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్. పాతది పీకి ఇది పెట్టాలి. పాతదానికి ఏ కాలు ఎటున్నా ఫరవాలేదు. కొత్తదానికి బ్యాటరీ వైరు ఎక్స్ అని రాసిన కాలుకి, స్విచ్ వైరు ఎల్ అని రాసిన కాలుకి వెళ్ళాలి. చాలా రకాలకి అదనంగా ఒక నేల వైరు ఉంటుంది, దాన్ని తుప్పు లేని లోహానికి బిగించండి. ప్రమాద హెచ్చరిక లైట్లకి విడిగా ఇంకో ఫ్లాషర్ ఉంటే దాన్నీ మార్చాలి.

అయినా ఎడమకి వేస్తే నాలుగు లైట్లూ మిణుకుమంటున్నాయా? మీ డాష్‌బోర్డులో రెండు వైపులకీ కలిపి ఒకే చిన్న బల్బు ఉందేమో చూడండి. ఆ బల్బు ఒకవైపు కరెంటు తీసుకుని, రెండోవైపు ఫిలమెంట్ల ద్వారా నేలకి వెళ్తుంది. ఫిలమెంట్ ఉన్నప్పుడు ఆ కొద్ది కరెంటుకి అది వెలగదు. ఎల్ఈడీ వెలుగుతుంది. రెండు వైర్లకీ చెరో డయోడ్ పెట్టి, డాష్ బల్బు రెండో కాలుకి సొంత నేల వైరు ఇస్తే సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాక, నెలకి ఒకసారి సిగ్నల్ వేసి ట్రక్కు చుట్టూ తిరిగి చూడండి. బల్బు పోతే ఇక ట్రక్కు చెప్పదు. ఇంకోటి: ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లలో కొన్ని అసలు శబ్దం చేయవు. సిగ్నల్ వేసిన సంగతి మరిచిపోయి మైళ్ళకి మైళ్ళు వెళ్ళిపోవచ్చు. కొనేటప్పుడు శబ్దం చేసే రకం అడగండి. ఇప్పటి కార్లలో చాలావాటికి రేకూ లేదు, పట్టీ లేదు. ఆ టిక్కు టిక్కుని స్పీకర్లోంచి వినిపిస్తారు.