మోత్కూరు మందకుక్క పూర్వకథ

వానకాలపు పంటలు ఇంటికి చేరి చెలకలు బయలైన పిమ్మట, మోత్కూరు ప్రాంతమున కురుమలును గొల్లలును ఎరువునకై రైతుల పొలములలో గొఱ్ఱెలమందను నిలుపుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. రాత్రివేళ కాపరి గొంగడి ముసుగిడి మందచెంత నొఱగును. కుక్క మాత్రము మందకు వెలుపల, గాలి వచ్చు దిక్కునకు మోము త్రిప్పి, ముంగాళ్ళపై గడ్డ మానించి పరుండును. కన్నులు మూసినను దాని చెవులు నిదురింపవు. ఎచ్చటనో ఎండుటాకు కదలెనా, మొదట గొంతులోననే గుఱ్ఱుమని, పిదప లేచి నాలుగడుగులు ముందునకు వేసి మొఱుగును. అది విని ఆవలి చెలకలోని కుక్కయు నందుకొనును. ఈ కావలివిద్యను దానికి పాఠముగా చెప్పినవాడెవడును లేడు. అది మన గ్రామములకన్న, మన సేద్యముకన్న ప్రాచీనమైనది.

కుక్క తోడేలు సంతతి యనుట నేడు నిర్వివాదము. జర్మనీదేశమున బాన్ నగరమునందలి ఒబర్‌కాసెల్‌లో 1914లో బయల్పడిన సమాధియందు ఇద్దఱు మనుష్యులతోపాటు ఒక కుక్క యెముకలును లభించినవి. అవి సుమారు 14,000 ఏండ్లనాటివి. అనగా మానవుడు గొఱ్ఱెను గాని ఆవును గాని మచ్చిక చేయకమునుపే కుక్క వాని చెంత నుండెను. మనుష్యుని చూచి బెదరని, మీదబడని మృగములకే సంతతి నిలిచినచో నేమగునో, రష్యాలోని నొవొసిబిర్స్క్ నగరమున 1959లో దిమిత్రి బెల్యాయెవ్ ఆరంభించిన నక్కల పరీక్ష చూపినది. మిక్కిలి సాధువులైనవానినే ఏర్చి జతకూర్పగా, కొలది తరములకే అవి తోకలాడించుచు మనుష్యుని చేరవచ్చినవి. పెరిగిన తోడేలు అరుదుగా మొఱుగును. దాని పిల్లలు తఱచుగా మొఱుగును. కుక్క యావజ్జీవము మొఱుగుట ఆ శైశవలక్షణము నిలిచిపోవుటయే యని పలువురు శాస్త్రజ్ఞుల తలంపు.

ఈ మెట్టసీమలో పశుపాలన మెంత పురాతనమో తెలుపు సాక్ష్యము పూర్వపు పాలమూరు జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బ. 1957లో రేమండ్ ఆల్చిన్ దానిని త్రవ్వినపుడు, క్రీస్తునకు పూర్వము మూడవ సహస్రాబ్దినాటి పసులదొడ్డి కంచెగుంజల గుంటలును, పేడకుప్పలు పలుమారులు కాలి ఏర్పడిన బూడిదపొరలును, నేలపై అచ్చుపడిన పసుల గిట్టల జాడలును కానవచ్చినవి. దొడ్డిని చుట్టి అంతటి బలమైన కంచె వేసినవారు, చీకటిలో మందపై కన్నువేయు మృగము నెఱుగనివారు కారు. తోడేలు ఈ నేలలకు సహజనివాసి.

తోడేలు వేటలో చూపు నిలుపుట, పొంచి సాగుట, తఱుముట, పట్టుట, చంపుట యను పనులు ఒకదానివెంట నొకటిగా నడచును. మానవుడు కుక్కలను వేఱువేఱు పనులకు ఏర్చుకొనుచు ఈ వరుసను అచ్చటచ్చట త్రెంచెను: స్కాట్లండున గొఱ్ఱెలను త్రోలు కుక్కలు పొంచును, తఱుమును గాని చంపవు, మందను కాచు కుక్కలలో పొంచుటయు తఱుముటయు సైతము సన్నగిల్లినవి. అయినను పుట్టుక యొక్కటియే చాలదు. కుక్కపిల్లకు ఇంచుమించు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు గల కాలమే చుట్టఱికము నేర్చుకాలమని స్కాట్, ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథమున వివరించిరి. ఆ దినములలో ఎవరి వాసననడుమ పెరుగునో, వారినే అది తనవారిగా నెంచును. గొఱ్ఱెపిల్లల ప్రక్కను పొరలాడి, వాని వెచ్చదనమున నిదురించి పెరిగిన కుక్కపిల్లకు మందయే తన గుంపు. తోడేలు తన గుంపుకొఱకు చూపు రోషము నది గొఱ్ఱెలకొఱకు చూపును. కుక్కపిల్లను చిన్ననాడే మందలో విడిచి పెంచిన కాపరుల అనుభవము ఏ ప్రయోగశాలకును తీసిపోనిదని నా నిశ్చితాభిప్రాయము. విజ్ఞానచరిత్రలో వారికి దక్కవలసిన గౌరవ మింకను దక్కలేదు.

ఆహారమునందును ఈ సహవాసపు గుర్తు కలదు. కాపరి తినగా మిగిలిన జొన్నగటకతోనే కుక్కయు బ్రతుకును. గంజిపదార్థమును జీర్ణింపజేయు జన్యువు తోడేలునందు రెండు ప్రతులే యుండగా, కుక్కలలో అది అనేకరెట్లు హెచ్చినదని స్వీడను శాస్త్రజ్ఞులు 2013లో కనుగొనిరి. అయినను పాతనెత్తురు పోలేదు. పట్టణములలో పెంచు జాతికుక్కలు చాలవఱకు ఏటికి రెండుమారులు ఎదకు రాగా, ఊరకుక్కలు తఱచుగా ఒక్కమారే, వానలు వెనుకపట్టిన దినములలో జతకూడును. మన దేశపు తోడేలును సాధారణముగా అక్టోబరున జతకట్టి డిసెంబరున ఈనును. చిత్తకార్తెను కుక్కలతో ముడిపెట్టిన మన రైతు అడవిమృగపు పంచాంగమునే చదివినాడు.

ఇట్టి ప్రాణికి కాపరులు దైవసన్నిధిని చోటిచ్చుట సహజమే. వారు కొలుచు మల్లన్నకు దక్కనుసీమలోని మాఱురూపములైన మైలారుని, ఖండోబాను చూపు మూర్తులలో కుక్క వెంట నుండును. కర్ణాటకమున గొరవలు కంబళి ధరించి, తామే ఆ దేవుని కుక్కలమని మొఱుగుదురు.

నేడు ఈ ప్రాంతమున తోడేలు కానవచ్చుట అరుదైనది. మందయు మాఱినది: 2017 మొదలు ప్రభుత్వపు గొఱ్ఱెల పంపిణీ పథకమున అన్యరాష్ట్రముల గొఱ్ఱెలును లారీలలో వచ్చి, నల్లని దక్కనీ గొఱ్ఱెల నడుమ చేరినవి. తెలంగాణ పల్లెలలో ఇపుడు మందలపై పడి గొఱ్ఱెపిల్లలను చీల్చుచున్నవి చాలచోట్ల ఊరకుక్కల గుంపులే. వానిలోను మందకుక్కలోను ఉన్నది ఒక్కటే నెత్తురు. కాని చిన్ననాట గొఱ్ఱెల వాసన నెఱుగని యా గుంపులో, పరుగెత్తు గొఱ్ఱె కంటబడినంతనే తఱుముటయు పట్టుటయు మేల్కొనుచున్నవి. అట్టి రాత్రి మందకుక్క ఎదిరింపవలసినది తన జాతినే.