వృద్ధుల ఆరోగ్య సమాచారం - పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో ఫ్లోరోసిస్ వైద్యజ్ఞానం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో భూగర్భజలాల ఫ్లోరైడ్ వల్ల కలిగే ఎముకల ఫ్లోరోసిస్ చాలావరకు నడివయసు దాటినవారిని బాధించే వ్యాధి. భారతదేశంలో ఈ వ్యాధిని మానవుల్లో శాస్త్రీయంగా గుర్తించిన తొలి అధ్యయనాలు 1937లో ఈ ప్రాంతపు తూర్పుభాగంలోనే జరిగాయి. అయినా ఆ జ్ఞానం వృద్ధులకు ఉపయోగపడే సమాచారంగా మారడంలో దీర్ఘకాలిక జాప్యం కనిపిస్తుంది. పాలనా సరిహద్దులు, ప్రచురణ భాష, వ్యాధికి ప్రజలు పెట్టుకున్న పేర్లు, ప్రభుత్వ కార్యక్రమాల విభజన - ఈ నాలుగు అంశాల ఆధారంగా ఆ జాప్యానికి కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫ్లోరోసిస్, వృద్ధాప్యం, ఆరోగ్య సమాచారం, మార్కాపురం, పొదిలి, గారపళ్ళు.

1. ఉపోద్ఘాతం:

వైద్యసమాచారం అనగానే గ్రంథాలు, పత్రికలు, కరపత్రాలు, సలహా కేంద్రాలు గుర్తుకు వస్తాయి. అయితే సమాచారం ఉండటం వేరు, అది అవసరమైన మనిషికి అర్థమయ్యే రూపంలో అందడం వేరు. ఈ రెండింటి మధ్య దూరం వృద్ధుల విషయంలో మరింత పెరుగుతుంది. పిల్లవాడికి నడుము వంగకపోతే ఇంటిల్లిపాదీ ఆందోళన చెందుతారు. అరవై ఏళ్ళ మనిషికి నడుము వంగకపోతే "వయసు మీదపడింది" అని సరిపెట్టుకుంటారు. రోగలక్షణం వయోలక్షణంగా మారిన చోట కారణాన్ని వెతకవలసిన అవసరం ఎవరికీ తోచదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశజనాభాలో అరవై ఏళ్ళు నిండినవారు 8.6 శాతం కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి వాటా 9.8 శాతం. వృద్ధుల వాటా పెరుగుతున్న సమాజంలో, ఏ బాధ వయసుది, ఏ బాధ నీటిది అన్న ప్రశ్న కేవలం వైద్యులకు సంబంధించినది కాదు. ఈ ప్రశ్నకు పశ్చిమ ప్రకాశం ఒక విశిష్టమైన చారిత్రక ఉదాహరణ.

2. భూమి, నీరు, పాలనా సరిహద్దులు:

నల్లమల కొండలకు తూర్పున ఉన్న ఈ ప్రాంతం వర్షాభావానికి పెట్టింది పేరు. గుండ్లకమ్మపై విజయనగర కాలంలో నిర్మించిన కంభం చెరువు వంటి జలాశయాలు ఉన్నా, అధికశాతం గ్రామాలు తాగునీటికి బావులనూ, తరువాతి కాలంలో బోర్లనూ నమ్ముకున్నాయి. ఫ్లోరిన్ కలిగిన ఖనిజాలున్న గట్టి శిలల పగుళ్ళలో నీరు ఎక్కువకాలం నిలిచినప్పుడు అందులోకి ఫ్లోరైడ్ చేరుతుంది. క్షారగుణం ఎక్కువగా, సున్నం తక్కువగా ఉన్న నీటిలో అది మరింతగా కరిగి ఉంటుంది. వాన తక్కువైన కొద్దీ ఆ నీరు పలుచబడే అవకాశం తగ్గుతుంది.

భౌగోళికంగా ఒకే సమస్య ఉన్న ఈ ప్రాంతం పాలనాపరంగా చాలాకాలం రెండుగా ఉండేది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనూ, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనూ ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి ఈ రెండు భాగాలూ వచ్చి చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అనే పేరు వచ్చింది. ఫ్లోరోసిస్ అధ్యయన చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ సరిహద్దులు ముఖ్యమైనవి.

3. 1937 నాటి ఆవిష్కరణ:

ఫ్లోరిన్ వల్ల ఎముకలు గట్టిపడతాయన్న విషయం మొదట ఐరోపాలో పారిశ్రామిక వ్యాధిగా వెలుగులోకి వచ్చింది. కోపెన్‌హేగెన్‌లోని క్రయొలైట్ కర్మాగారపు కార్మికుల్లో దీన్ని 1932లో మోలర్, గుడ్జాన్సన్ గమనించారు. కాయ్ రోహోల్మ్ 1937లో దీనిపై సమగ్ర గ్రంథాన్ని వెలువరించాడు. అక్కడ ఫ్లోరిన్ దుమ్ము రూపంలో శరీరంలో చేరింది.

అదే 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం ప్రకటించారు. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌పై ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో మరో వ్యాసం వెలువరించారు. అంతకుముందే పశువుల్లో ఇటువంటి లక్షణాలను పశువైద్యులు గుర్తించారు. అయితే భారతదేశంలో మనుషుల్లో దీనిని ఫ్లోరోసిస్‌గా నిర్ధారించిన ఘనత ఈ అధ్యయనాలదే. ఇక్కడ ఫ్లోరిన్ వచ్చింది కర్మాగారం నుంచి కాదు, తాగే నీటి నుంచి.

వ్యాధి వయసుతో పాటు ఎలా ముదురుతుందో ఈ పరిశోధకులు స్పష్టంగా చూపారు. పిల్లల్లో పళ్ళమీద మచ్చలు, ముప్పై ఏళ్ళు దాటాక కాళ్ళూచేతుల్లో తిమ్మిర్లు, నడుంనొప్పి, ఆపైన వెన్నెముక మొత్తం ఒకే ఎముకలా బిగుసుకుపోవడం, చివరికి మంచం పట్టడం - ఇదీ వారు వర్ణించిన క్రమం. 1940లో పండిట్ బృందం చేసిన మరో అధ్యయనం పిల్లల పళ్ళనూ పెద్దల ఎముకలనూ కలిపి పరిశీలించి, పోషకాహారానికీ వ్యాధి తీవ్రతకూ ఉన్న సంబంధాన్ని చర్చించింది.

అంటే వృద్ధుల ఆరోగ్యానికి పనికివచ్చే మూలసమాచారం ఎనిమిది దశాబ్దాల కిందటే సిద్ధంగా ఉంది. కాని అది ఇంగ్లీషు పరిశోధన పత్రికల్లో, నెల్లూరు జిల్లా పేరుతో నమోదైంది. సరిహద్దుకు అవతల కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు పేర్లు ఆ శీర్షికలోకి రాలేదు. శిలలకు తాలూకా సరిహద్దులు లేకపోయినా, దస్త్రాలకు ఉన్నాయి.

4. పన్ను నుంచి ఎముకకు - సమాచారం పట్టిన దారి:

స్వాతంత్ర్యానంతరం ఫ్లోరోసిస్ చర్చ నల్లగొండ వైపు మళ్ళింది. ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై రాశాడు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో ప్రకటించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి 1970లలోనే నల్లగొండ విధానంగా ప్రసిద్ధి పొందింది. ఈ కృషి విలువైనది. అయితే తెలుగునాట ఫ్లోరోసిస్ అంటే నల్లగొండ అన్న భావన స్థిరపడటంతో, తొలి అధ్యయనాలకు ఆధారమైన పొదిలి, దర్శి ప్రాంతాల పేర్లు ప్రజాస్మృతిలో వెనుకబడ్డాయి.

ఇందులో మరో మార్పు కూడా ఉంది. తాగునీటి ప్రమాణాలు చర్చకు కేంద్రమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములను పరిమితిగా సూచించింది. భారతీయ ప్రమాణాల సంస్థ 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్యమైన పరిమితిగానూ, వేరే నీటివనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగానూ నిర్ణయించింది. ఈ సంఖ్యలు రాబోయే తరాన్ని కాపాడటానికి అవసరం. కాని నలభై ఏళ్ళుగా ఆ నీరు తాగినవారి ఎముకల్లో ఇప్పటికే చేరిన ఫ్లోరైడ్ గురించి అవి ఏమీ చెప్పవు. నీటికి ప్రమాణం వచ్చింది, ఆ నీరు తాగిన వృద్ధునికి మార్గదర్శకం రాలేదు.

5. ప్రజల భాష, వైద్యుల భాష:

ప్రజల మాటల్లో పళ్ళ మచ్చలకు "గారపళ్ళు" అనే పేరు ఉంది. అది కంటికి కనిపించేది, పెళ్ళిచూపుల్లో ప్రస్తావనకు వచ్చేది. అందువల్ల దానికి ప్రత్యేకమైన మాట ఏర్పడింది. ఎముకల బాధకు మాత్రం అటువంటి పేరు లేదు. అది "వాతం", "కీళ్ళనొప్పులు", "నడుము పట్టేయడం" అనే సామాన్యమైన మాటల్లో కలిసిపోయింది. పేరు లేని వ్యాధికి ప్రశ్న ఉండదు, ప్రశ్న లేనిచోట సమాచారం చేరదు.

నీటి విషయంలోనూ ఇదే చిక్కు. ఉప్పునీరు, చప్పనీరు, మంచినీరు అని నీటిని రుచినిబట్టి విభజించడం పల్లెల్లో అనుభవం నుంచి పుట్టిన పద్ధతి. ఫ్లోరైడ్‌కు నీటిలో ఉండే మోతాదులో రుచి తెలియదు. అందువల్ల మంచినీరుగా పేరుపడిన బావి కూడా హానికరం కావచ్చు. నీటిని కాచి తాగమన్న సాధారణ ఆరోగ్యసూత్రం సూక్ష్మక్రిముల విషయంలో సరైనదే. ఫ్లోరైడ్ విషయంలో మాత్రం నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. ఒక వ్యాధికి పనికివచ్చే సలహా మరో వ్యాధికి పనికిరాదన్న వివరం స్థానికంగా చెబితే తప్ప తెలియదు.

వైద్యపరంగా కూడా తేడా స్పష్టమైనదే. వృద్ధాప్యంలో సాధారణంగా ఎముక పలుచబడుతుంది. ఎముకల ఫ్లోరోసిస్‌లో అధికశాతం ఎముక చిక్కబడుతుంది, కండరబంధనాలు సున్నపుబారుతాయి. ముంజేతి రెండెముకల నడుమ పొర గట్టిపడటం ఎక్స్‌రేలో కనిపిస్తుంది. చిక్కబడినంత మాత్రాన ఎముక బలపడినట్లు కాదు, పెళుసుదనం పెరుగుతుంది. మూత్రపిండాల పని మందగించే వయసులో ఫ్లోరైడ్ విసర్జన తగ్గి శరీరంలో మరింతగా నిలుస్తుంది. కాబట్టి "ఈ వయసులో నీరు మార్చి ప్రయోజనమేమిటి" అన్న నిరాశకు శాస్త్రాధారం లేదు. పోయిన వంపు తిరిగి రాకపోవచ్చు గాని, వ్యాధి ముదరకుండా ఆపడానికి నీటి మార్పే ప్రధాన మార్గం.

6. రెండు కార్యక్రమాల నడుమ వృద్ధుడు:

వృద్ధుల వైద్యానికి ప్రత్యేకశాఖగా భారతదేశంలో గుర్తింపు రావడంలోనూ మద్రాసు పాత్ర ఉంది. 1978లో వి.ఎస్. నటరాజన్ అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో వృద్ధుల వైద్యవిభాగాన్ని ఆరంభించాడు. ఫ్లోరోసిస్‌ను గుర్తించిన నగరంలోనే నాలుగు దశాబ్దాల తరువాత వృద్ధాప్య వైద్యం పుట్టినా, ఈ రెండు జ్ఞానశాఖలూ వేరువేరు దారుల్లో నడిచాయి.

జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం 2008-09లో మొదలైంది. ఫ్లోరోసిస్ అనుమానితులను గుర్తించడానికి మూడు సులువైన పరీక్షలు వాడుకలో ఉన్నాయి. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు తాకడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనుకకు చేర్చడం. ఇవి చేయలేనివారికి తరువాత నీరు, మూత్ర పరీక్షలు, ఎక్స్‌రే అవసరమవుతాయి. జాతీయ వృద్ధుల ఆరోగ్యసంరక్షణ కార్యక్రమం 2010-11లో వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో వారానికొకసారి వృద్ధులకు ప్రత్యేక వైద్యం దాని అంగాలు.

మొదటిది వ్యాధి ప్రాతిపదికగా, రెండవది వయసు ప్రాతిపదికగా ఏర్పడ్డాయి. మార్కాపురం ప్రాంతపు వృద్ధునిలో ఈ రెండూ ఒకే శరీరంలో ఉన్నాయి. వృద్ధుల వైద్యశిబిరంలో పై మూడు పరీక్షలు చేయకపోతే అతడు కీళ్ళనొప్పుల రోగిగానే మిగిలిపోతాడు. ఆ మూడు పరీక్షలు చేసినా సాధారణ కీళ్ళవ్యాధిని పక్కనపెట్టలేకపోతే ప్రతి ముసలి నడుమూ ఫ్లోరోసిస్‌గా లెక్కకు వస్తుంది. రెండు విధాలా నష్టమే.

తెలుగులో మౌఖిక సమాచార సాధనాలు ఈ లోటును కొంత పూడ్చగలవు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 104 ఫోన్ సలహాసేవ, 2021లో దేశవ్యాప్తమైన వృద్ధుల సహాయవాణి 14567 చదువు రానివారికి కూడా అందుబాటులో ఉండే మార్గాలు. అయితే ఫోన్‌లో నడుంనొప్పి అని చెప్పిన వృద్ధుణ్ణి "ఏ ఊరు, ఏ నీరు, ఎన్నేళ్ళుగా" అని అడిగినప్పుడే ఆ సేవ ఈ ప్రాంతానికి నిజంగా ఉపకరిస్తుంది.

7. పలకల దుమ్ము - ఒక సమాంతర ఉదాహరణ:

మార్కాపురం పలకలు బడిపిల్లల చేతుల్లో అక్షరాలు దిద్దించాయి. పలకరాయిలో స్ఫటికశిల అంశం ఉంటుంది. అటువంటి రాతిని కోయడం, నునుపుచేయడం వల్ల లేచే సన్నని దుమ్మును ఏళ్ళతరబడి పీల్చితే సిలికోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. 1948 నాటి కర్మాగారాల చట్టం సిలికోసిస్‌ను తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. అయితే ఈ వ్యాధి పని మానేసిన తరువాత కూడా బయటపడవచ్చు. అప్పటికి కార్మికుడు వృద్ధుడై, అతని ఆయాసం వయసు ఖాతాలోనో క్షయ ఖాతాలోనో పడే అవకాశముంది. ఫ్లోరోసిస్‌లో నీటి చరిత్ర ఎంత ముఖ్యమో ఇక్కడ పని చరిత్ర అంత ముఖ్యం.

8. ముగింపు:

• పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించిన వైద్యజ్ఞానం 1937 నాటికే ఏర్పడింది. లోపం జ్ఞానంలో కాదు, దాని ప్రసారంలో ఉంది.
• అధ్యయనాలు జిల్లా పేరుతో నమోదు కావడం వల్ల, ఒకే నీటి సమస్య ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు వేరొక పాలనా విభాగంలో ఉండిపోయాయి.
• పళ్ళ వ్యాధికి తెలుగులో పేరు ఉండి, ఎముకల వ్యాధికి లేకపోవడం వృద్ధుల బాధను వయోలక్షణంగా భావించడానికి తోడ్పడింది.
• వ్యాధి, వయసు ప్రాతిపదికలుగా ఏర్పడిన రెండు జాతీయ కార్యక్రమాలు ఒకే రోగి వద్ద కలవవలసి ఉంది.

శ్రీశైలం జలాలను నల్లమల కింది సొరంగాల ద్వారా తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుపై ఈ ప్రాంతపు ఆశలు నిలిచి ఉన్నాయి. నదీజలం వచ్చినా, బావినీటి చరిత్రను ఎముకల్లో మోస్తున్న తరం ఇంకా ఉంటుంది. వృద్ధుల ఆరోగ్యపత్రంలో వయసు, మందులతో పాటు తాగిన నీరు, చేసిన పని అనే రెండు గడులు చేరితే, 1937లో పుట్టిన జ్ఞానం దాని అసలు చిరునామాకు చేరినట్లవుతుంది.