సెంట్రల్ లైన్ చరిత్ర: పొరపాటును పట్టుకున్న చూపు

మెడలోని లేదా కాలర్ బోన్ కిందనున్న పెద్ద సిర గుండా గుండె సమీపానికి పంపే సన్నని గొట్టమే సెంట్రల్ లైన్. దీని చరిత్రను సాధారణంగా సాహసగాథగా చెబుతారు. పొరపాటును ఎవరు, ఎలా పట్టుకున్నారన్న దృష్టితో పరిశీలిస్తే అది వేరుగా కనిపిస్తుంది.

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువవైద్యుడు, పై అధికారి వద్దన్నా, తన ఎడమ మోచేతి సిరలోకి 65 సెంటీమీటర్ల మేర కేథటర్‌ను పంపుకున్నాడు. ఆయన ఆత్మకథనం ప్రకారం, అవసరమైన పరికరాలు గెర్డా డిట్సెన్ అనే నర్సు అధీనంలో ఉండేవి. ప్రయోగం తనపైనే జరుగుతుందని ఆమెను నమ్మించి, బల్లకు కట్టి, ఆయన తన చేతినే కోసుకున్నాడు. తరువాత ఎక్స్-రే గదికి నడిచి వెళ్లి, ఎదుట పట్టించిన అద్దంలో తెరను చూస్తూ కేథటర్‌ను గుండె కుడి కర్ణిక దాకా జరిపాడు. 1956లో కూర్నాండ్, రిచర్డ్స్‌లతో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ కథలో నర్సును మోసగించడం చిలిపితనంగా చలామణి అయింది. అది అంత తేలిక విషయం కాదు. గొట్టం కొసను ఊహకు వదలక చిత్రంతో నిర్ధారించుకోవడం మాత్రం నేటికీ నిలిచిన జాగ్రత్త.

1952లో ఓబనియాక్ కాలర్ బోన్ కింది సిరను సూదితోనే చేరే మార్గం ప్రకటించాడు. కోత తప్పింది, కానీ ఆ పక్కనే ఊపిరితిత్తి శిఖరం ఉంది, సూది దారితప్పితే దానికి చిల్లు పడుతుంది. మరుసటి ఏడాది స్టాక్‌హోమ్‌లో సెల్డింగర్, ధమనుల చిత్రణ కోసం, సూదిలోంచి తీగను పంపి, సూదిని తీసి, తీగపై కేథటర్‌ను జార్చే పద్ధతి రూపొందించాడు. సిరలకూ అదే ప్రామాణికమైంది. దానితోపాటే కొత్త పొరపాటూ పుట్టింది: తీగ వెలుపలి కొసను వదిలేస్తే అది రోగి దేహంలోనే ఉండిపోతుంది. అందుకే ఆ కొస గొట్టం వెనుక నుంచి బయటపడి చేతికి చిక్కేదాకా గొట్టాన్ని లోపలికి తోయరాదు. సూది ధమనిలో పడితే రక్తం రంగు కూడా మోసగించవచ్చు. ఆక్సిజన్ తగ్గిన రోగిలో ధమని రక్తమూ నల్లగానే ఉంటుంది. మార్గాన్ని వెడల్పు చేయకముందే పీడనం కొలవడం ఇందుకే. 2002లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ మెడ సిరకు అల్ట్రాసౌండ్ చూపును సిఫారసు చేసింది.

2006లో వెలువడిన మిషిగన్ అధ్యయనం ఇన్ఫెక్షన్‌కు సంబంధించినది. చేతులు కడగడం, పూర్తి కవచవస్త్రాలు, క్లోర్‌హెక్సిడిన్, తొడ సిరను వీలైనంత మానడం, అక్కరలేని లైన్ తీసేయడం: ఈ ఐదింటితో వెయ్యి కేథటర్ దినాలకు 2.7గా ఉన్న మధ్యగత రేటు మూడు నెలల్లో సున్నాకు చేరింది. అంతకుముందే జాన్స్ హాప్‌కిన్స్‌లో ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు, నియమం తప్పిన వైద్యుణ్ణి అక్కడికక్కడే ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. గెర్డా డిట్సెన్‌కు ఆ అధికారం లేదు.