దొంగ చేతికి దొరికిన ముద్ర

2011 ఆగస్టు నెలాఖరు. ఇరాన్‌లో ఒకాయన జీమెయిల్ తెరవబోతే క్రోమ్ బ్రౌజర్ అడ్డుపడింది. సైటు అసలైనదేనని చెప్పేందుకు అది చూపిస్తున్న సర్టిఫికెట్‌ను నమ్మొద్దంది. అడ్రసులో అక్షరం తేడా లేదు. సర్టిఫికెట్ మీద సంతకమూ అసలైనదే. అది నెదర్లాండ్స్‌లోని బెవర్‌వైక్ పట్టణంలో ఉన్న, సర్టిఫికెట్లు జారీ చేసే డిజినోటార్ సంస్థది. కానీ తన సైట్లకు ఎవరి సంతకం చెల్లుతుందో గూగుల్ క్రోమ్‌లో ముందే రాసి పెట్టుకుంది. అందులో డిజినోటార్ పేరు లేదు.

డిజినోటార్ అనామక సంస్థేం కాదు. ఆడిట్లు నెగ్గింది. డచ్ ప్రభుత్వ వెబ్‌సైట్లకూ సర్టిఫికెట్లు ఇచ్చేది. మరి గూగుల్ అడగని సర్టిఫికెట్ ఎలా పుట్టింది?

గదికి కాపలా, నెట్‌వర్క్‌కు లేదు

సైబర్ భద్రతా సంస్థ ఫాక్స్-ఐటీ నిపుణులు విచారణ జరిపి సెప్టెంబరు 5న నివేదిక ఇచ్చారు. సంతకాలు చేసే సర్వర్లున్న గది కట్టుదిట్టంగానే ఉంది. కానీ నెట్‌వర్క్ ద్వారా వాటిని చేరుకునే దారి తెరిచే ఉంది. అన్నీ ఒకే విండోస్ డొమైన్‌లో ఉన్నాయి. ఒక్క పాస్‌వర్డ్ దొరికితే చాలు, అన్నీ చేతికొస్తాయి. ఆ పాస్‌వర్డూ గట్టిది కాదు. బయటి వెబ్ సర్వర్లలో పాత సాఫ్ట్‌వేర్, ప్యాచ్‌లు వేయలేదు. పరిశీలించిన సర్వర్లలో యాంటీవైరస్ లేదు.

జూన్‌లో చొరబడ్డ దొంగ జులై 10న గూగుల్ పేరిట సర్టిఫికెట్ చేసుకున్నాడు. మొత్తం 531 దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఇరాన్‌లో దాదాపు 3 లక్షల ఐపీ అడ్రసుల వారు ఆ గూగుల్ సర్టిఫికెట్ చూపిన నకిలీ సైటు వలలో పడ్డారు. వాళ్ల మెయిళ్లు చదివే వీలు ఎవరికో చిక్కింది.

చెప్పకపోవడమే పెద్ద తప్పు

చొరబాటు సంగతి డిజినోటార్‌కు జులై 19నే తెలిసింది. దొరికిన కొన్ని సర్టిఫికెట్లు రద్దు చేసి, విషయం బయటికి పొక్కనివ్వలేదు. ఆగస్టు నెలాఖరు దాకా, ఆ ఆరు వారాలూ ఇరాన్ పౌరులు నమ్మకంగా లాగిన్ అవుతూనే ఉన్నారు. సెప్టెంబరు 3 అర్ధరాత్రి దాటాక డచ్ మంత్రి పీట్ హైన్ డోనర్ విలేకరుల ముందుకొచ్చి, ఈ సర్టిఫికెట్లను ఇక నమ్మలేమని ప్రకటించారు. బ్రౌజర్లు డిజినోటార్‌ను తమ జాబితాల్లోంచి తీసేశాయి. సెప్టెంబరు 20న సంస్థ దివాలా తీసింది.

మన దేశంలో సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లోపు తనకు చెప్పి తీరాలని ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. దాన్ని భారంగా చూడొద్దు. ఆడిట్ నెగ్గామన్న కాగితం ఆ రోజుకే సాక్ష్యం. మర్నాటి నుంచి ప్యాచ్‌లు, పాస్‌వర్డులు, లాగ్‌లు చూసే మనిషి ఉండాలి. దొంగ పడ్డాడని తెలిసిన పూటే నోరు విప్పే యాజమాన్యం ఉండాలి.