ఆఫీసులకు మార్కులు వేసిన ఊరు మనది

మన అసోసియేషన్ మీటింగుల్లో మోరీ సంగతి వచ్చినా, కావేరి నీళ్ల సంగతి వచ్చినా, చివరికి ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "కంప్లయింట్ ఇచ్చి ఏం లాభమండీ?" దానికి జవాబు ఈ బెంగళూరు చరిత్రలోనే ఉంది. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మన ఊరికి మొదటినుంచీ ఒక యజమాని అంటూ లేడు. 1862లో పేటకు ఒక మునిసిపాలిటీ, కంటోన్మెంటుకు ఇంకొకటి ఏర్పడ్డాయి. రెండూ కలిసి ఒకే కార్పొరేషన్ అయ్యేసరికి 1949 వచ్చింది. ఈలోగా 1945లో సైట్లు, లేఅవుట్ల కోసం ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు వచ్చింది, 1976లో దాని స్థానంలోకి బీడీఏ వచ్చింది. నీళ్లకు 1964లో వేరే బోర్డు పెట్టారు. కరెంటుకు ఇంకొకరు, బస్సులకు మరొకరు. రోడ్డు వేసేది ఒకరు, పైపు కోసం తవ్వేది వేరొకరు. అడిగితే ఇద్దరూ "అది మాది కాదు" అంటారు. ఎవరి పని ఎలా ఉందో ఊరంతటికీ కలిపి చెప్పే లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఆ లెక్క తీసే పని 1993లో మొదలైంది. శామ్యూల్ పాల్ అనే ఆర్థికవేత్త, అంతకుముందు అహ్మదాబాద్ ఐఐఎంకు డైరెక్టరుగా చేసినవారు, బెంగళూరులో మరికొందరితో కలిసి ఒక సర్వే చేయించారు. సుమారు 1,100 ఇళ్లకు మనుషుల్ని పంపారు. మధ్యతరగతి ఇళ్లను వేరుగా, మురికివాడల్ని వేరుగా అడిగారు. "మీ కార్పొరేటర్ మంచివాడా?" లాంటి ప్రశ్నలు కావు. ఆ ఆఫీసుకు పని మీద వెళ్లారా, ఎన్నిసార్లు తిరిగారు, పని అయిందా, లంచం ఇచ్చారా, ఇలాంటివి.

1994లో ఫలితాలు బయటికొచ్చాయి. కార్పొరేషన్ సేవతో తృప్తిగా ఉన్నామన్నవాళ్లు నూటికి 5 మంది. నీళ్ల బోర్డుకు 4. ఇళ్ల స్థలాలిచ్చే బీడీఏకు 1. అవునండీ, నూటికి ఒక్కరు! మురికివాడల్లో ముగ్గురిలో ఒకరు డబ్బు ఇవ్వాల్సి వచ్చిందన్నారు. పత్రికలు ఈ మార్కుల్ని వరసగా వేశాయి. ఆ ఏడే పాల్ గారు పబ్లిక్ అఫైర్స్ సెంటర్ స్థాపించారు. దీనికి 'రిపోర్టు కార్డు' అని పేరు పెట్టారు, బడి పిల్లలకు ఇచ్చినట్టే.

మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం. మా బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టించుకొని వెనక్కి తేవాలి. సంతకం లేని కార్డుకు విలువ లేదు. 1994 కార్డు గతి కొంతవరకు అదే. బీడీఏ ముందుకొచ్చి పాల్ గారి వాళ్ల సలహా అడిగింది. మిగతా ఆఫీసుల్లో పెద్దగా కదలిక లేదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఇవాళ మనం దీని గురించి మాట్లాడుకునే పనే లేదు. ఐదేళ్ల తర్వాత, 1999లో, అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. కార్పొరేషన్‌కు 41, బీడీఏకు 16 వచ్చాయి. లంచం మాత్రం తగ్గలేదని తేలింది. ఈసారి ఆఫీసుల పెద్దల్నే సభకు పిలిచి, జనం ముందు ఆ మార్కులు చూపించారు. సంతకం పెట్టించడమంటే అదీ!

అదే ఏడు ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణ, నందన్ నీలేకని అధ్యక్షతన బెంగళూరు అజెండా టాస్క్‌ఫోర్స్ వేశారు. ఏడు సంస్థల అధిపతులు వచ్చే ఆరు నెలల్లో ఏం చేస్తారో బహిరంగ సభలో చెప్పాలి, తర్వాతి సభలో ఏం చేశారో చెప్పాలి. బీడీఏలో కమిషనర్ జయకర్ జెరోమ్ కబ్జా భూములు వెనక్కి తీసుకునే పని పెట్టుకున్నారు. 2003లో మూడో కార్డు వచ్చింది. కార్పొరేషన్‌కు 73. పదేళ్ల కింద ఒక్క మార్కు వచ్చిన బీడీఏకు 85.

ఇదంతా ఆ కాగితం వల్లే జరిగిందని మేము అనడం లేదు. ప్రభుత్వం పూనుకుంది, మంచి అధికారులు దొరికారు, టాక్సు పద్ధతి మారింది. కానీ 1 అన్న అంకె లేకపోతే 85 ఎంత గొప్పదో ఎవరికి తెలిసేది? టాస్క్‌ఫోర్స్ మీద ఒక విమర్శ కూడా ఉంది. ఎన్నికైన కార్పొరేటర్లను పక్కన పెట్టి పెద్ద కంపెనీలవాళ్ల మాట విన్నదని. అందులో నిజం లేకపోలేదు. మార్కులు వేసేటప్పుడు మురికివాడను వేరుగా అడగడం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పటి సంగతికి వద్దాం. 2007లో చుట్టుపక్కల ఊళ్లను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె చేశారు. 2015లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరింది. ఆ తర్వాత ఐదేళ్లకు పైగా వార్డులో ఓటు అడగడానికి వచ్చినవాడు లేడు, జవాబు చెప్పాల్సినవాడూ లేడు. 2025 సెప్టెంబరు 2న పాలికె పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. బోర్డులు మారాయి, మోరీ మాత్రం అదే.

మేము రైల్వేలో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాము. బండి 12 నిమిషాలు లేటయితే రిజిస్టరులో 12 అనే రాస్తాం. "ఈమధ్య లేటుగా వస్తోంది" అని రాయం. అలా రాస్తే పైవాడికి తప్పించుకోవడానికి దారి ఇచ్చినట్టే. మన వాట్సాప్ గ్రూపులో ఏళ్లుగా రాస్తున్నది ఆ రెండో రకమే.

కొత్త కార్పొరేషన్లకు ఇంకా చరిత్ర లేదు. వాటి మొదటి అంకె మనం ఇప్పుడే రాసి పెట్టాలి, తర్వాత పోల్చి చూడటానికి ఇంకేమీ ఉండదు. నీళ్లు వారానికి ఎన్ని రోజులు, చెత్త బండి ఎన్ని రోజులు, వెలగని దీపాలు ఎన్ని, ఖాతా పనికి ఎన్నిసార్లు తిరిగారు, డబ్బు అడిగారా. ఐదే ప్రశ్నలు. సొంత ఇళ్లవాళ్లనే కాదు, వెనక సందులో ఒంటిగదుల్లో అద్దెకున్న రాయలసీమ, ఉత్తర కర్ణాటక కూలీల కుటుంబాల్నీ అడగాలి, వాళ్ల జవాబులు వేరే కాలమ్‌లో వేయాలి. వచ్చే ఏడు అదే నెలలో అవే ప్రశ్నలు. ఫలితం వార్డు ఇంజనీరు చేతికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

వీధికి ఇద్దరు చాలు. పేర్లు కింద రాయండి.